అల్లుడి ఉద్యోగం, పార్కు మిత్రుడి ఐదు లక్షలు

ప్రశ్న: నేను హిందూపురం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. మా అల్లుడు ఒక కంపెనీలో ‘ఇథీరియం మీద’ ప్రోగ్రాములు రాస్తాడు. అదేమిటని అడిగితే ‘ప్రపంచమంతా కలిసి వాడుకునే ఒక కంప్యూటర్ మామా’ అన్నాడు. నాకు బోధపడలేదు. మళ్లీ అడగడానికి మొహమాటం. ఇదిలా ఉండగా, పొద్దున పార్కులో పరిచయమైన కడప ఆయన ఒకరు నన్ను క్రిప్టోలో డబ్బు పెట్టమంటున్నారు. రోజుకు ఒక శాతం వస్తుందట. తన ఫోన్‌లో పెరుగుతున్న లెక్క చూపిస్తారు. ఐదు లక్షలతో మొదలుపెట్టమంటారు. ‘మీ అల్లుడు చేసేదీ ఇదేగా, ఇంకా భయమెందుకు’ అంటారు. నిజంగా రెండూ ఒకటేనా? బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటో, క్రిప్టో అంటే ఏమిటో నాలాంటి వాడికి అర్థమయ్యేలా చెప్పండి. డబ్బు ఇంకా ఇవ్వలేదు.

— ఒక రిటైర్డ్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు:

నమస్కారమండీ.

ముందు ఆఖరి మాటకు జవాబు చెబుతాను. ఇవ్వకండి. ఐదు లక్షలే కాదు, ‘సరే, స్నేహం కోసం ఒక పదివేలు’ అని కూడా ఇవ్వకండి. ఎందుకో కింద వివరంగా రాస్తాను. ఇక బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటన్న ప్రశ్నకు వస్తే, అది మీకు చెప్పడం నాకు సులువు. కాలేజీ కుర్రాడికి చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసిన వారికి ఇందులో సగం ముందే తెలుసు.

మీ ఆఫీసులో ఒకటో పుస్తకం ఉండేది కదా. స్థిరాస్తి దస్తావేజులు వరస నంబర్లతో అందులోకి ఎక్కేవి. ఎవరైనా స్థలం కొనాలంటే ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించేవారు, లింకు డాక్యుమెంట్లు అడిగేవారు. ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, మధ్యలో ఎక్కడైనా తనఖా పడిందా అన్నది ఆ వరసలో కనబడాలి. ఆ పుస్తకంతో మోసం చేయాలనుకున్నవాడు ఏం చేస్తాడు? పాత వాల్యూములో పేజీ చించి ఇంకో పేజీ అతికిస్తాడు. అంకె దిద్దుతాడు. లేదంటే ఆఫీసులో ఎవరినో మంచి చేసుకుంటాడు. పుస్తకం ఉండేది ఒక్క చోట, దాన్ని కాపాడేది ఒక్క ఆఫీసు కాబట్టి ఇవన్నీ కుదురుతాయి.

బ్లాక్‌చెయిన్ కూడా అలాంటి పుస్తకమే. కాకపోతే దాని ప్రతి పేజీ మొదట్లో అంతకు ముందు పేజీ ముద్ర ఉంటుంది. ఆ ముద్ర రబ్బరు స్టాంపు కాదు, ఒక లెక్క. పేజీలో ఉన్న ప్రతి అక్షరాన్నీ ఒక సూత్రంలో వేస్తే చివరికి ఒక పొడవాటి అంకె తేలుతుంది. దాన్ని హ్యాష్ అంటారు. బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు పుస్తకంలో వాడే సూత్రం పేరు షా-256. మీరు ఒక్క వాక్యం ఇచ్చినా, మీ రికార్డు రూములోని వాల్యూములన్నీ ఇచ్చినా అది 64 గుర్తుల ఫలితమే ఇస్తుంది. ఒక్క కామా తీసేస్తే చాలు, ఫలితం పోలిక లేకుండా మారిపోతుంది. ఫలితాన్ని చూసి లోపల ఏం రాసి ఉందో వెనక్కి రాబట్టడం మాత్రం కుదరదు.

ఇప్పుడు ఎవరైనా పదేళ్ల నాటి పేజీలో ఒక సున్నా చేర్చారనుకోండి. ఆ పేజీ ముద్ర మారుతుంది, తర్వాతి పేజీ మొదట్లో ఉన్న దానితో సరిపోదు. దాన్ని కూడా దిద్దితే ఆ పై పేజీ చెడుతుంది. అలా ఈ రోజు పేజీ దాకా అన్నీ తిరగరాయాలి. పైగా ఈ పుస్తకానికి ఒక్క ప్రతి ఉండదు. దేశదేశాల్లో వేల కంప్యూటర్లలో పూర్తి ప్రతులు ఉంటాయి, ఒకదాన్నొకటి సరిచూసుకుంటూ ఉంటాయి. మీ ప్రతిలో మీరు దిద్దుకుంటే మిగతావి దాన్ని చెల్లని ప్రతి కింద పక్కన పెట్టేస్తాయి.

మరి కొత్త పేజీ ఎవరు రాస్తారు? సబ్ రిజిస్ట్రార్ అంటూ ఎవరూ లేరు కదా. అసలు చిక్కు ఇక్కడే ఉంది. దీన్ని విప్పింది బిట్‌కాయిన్. సతోషి నకమోటో అన్న పేరుతో ఎవరో 2008 అక్టోబరు 31న ఒక తొమ్మిది పేజీల పత్రం విడుదల చేశారు. అది ఒక మనిషో, కొందరో ఇప్పటికీ లోకానికి తెలియదు. 2009 జనవరి 3న మొదటి పేజీ, అంటే మొదటి బ్లాక్ పుట్టింది. సతోషి ముందున్న సమస్య మీకు బాగా తెలిసిందే: డబుల్ రిజిస్ట్రేషన్. ఒకే సైటును ఉదయం ఒకరికి, సాయంత్రం ఇంకొకరికి రాసిచ్చే ఘనులు మీకు తగిలే ఉంటారు. కంప్యూటర్‌లో డబ్బుకు ఈ బెడద ఇంకా ఎక్కువ. ఫొటో పంపితే అది అవతలివారి దగ్గరా ఉంటుంది, మన దగ్గరా ఉంటుంది. డబ్బు అలా ఉంటే ఎలా? ముందు ఎవరికి రాశారో అందరూ ఒప్పుకునే వరస కావాలి. ఆ వరసను ఏ అధికారీ లేకుండా తేల్చాలి.

సతోషి చెప్పిన ఉపాయం ఇది. పేజీ రాయాలనుకున్నవారు ముందు ఒక కష్టమైన లెక్క చేయాలి. బోలెడన్ని కంప్యూటర్లు, బోలెడంత కరెంటు ఖర్చు పెట్టి గుడ్డిగా అంకెలు మార్చి మార్చి చూస్తే తప్ప జవాబు దొరకదు. దొరికినవారు ఆ పేజీ రాస్తారు, ఫలితంగా కొన్ని కొత్త బిట్‌కాయిన్లు కూలీగా తీసుకుంటారు. దీన్నే మైనింగ్ అంటారు. సగటున పది నిమిషాలకు ఒక పేజీ వస్తుంది. మొదట్లో పేజీకి కూలీ 50 బిట్‌కాయిన్లు. సుమారు నాలుగేళ్లకోసారి అది సగానికి తగ్గుతుంది. 2024 ఏప్రిల్ నుంచి 3.125. ఇలా తగ్గుతూ పోయి మొత్తం 2.1 కోట్ల కాయిన్లకు మించకుండా ఆగిపోతుంది. అందులో 1.9 కోట్లకు పైగా ఇప్పటికే బయటికి వచ్చేశాయి.

కాయిన్ ఎందుకు పుట్టిందో గమనించండి. పుస్తకం రాసేవారికి కూలీ ఇవ్వడానికి పుట్టింది. ఇలాంటి కాయిన్లనే క్రిప్టోకరెన్సీ, పొట్టిగా క్రిప్టో అంటారు. దొంగ పేజీ రాయాలంటే పెట్టే ఖర్చు, నిజం పేజీ రాస్తే వచ్చే కూలీ కంటే ఎక్కువయ్యేలా చూడటం ఇందులోని కిటుకు. ధర పెరగడం, తగ్గడం, టీవీలో గ్రాఫులు, పార్కులో మాటలు అన్నీ తర్వాత వచ్చి చేరినవే.

ఇక మీ అల్లుడి సంగతి.

బిట్‌కాయిన్ పుస్తకంలో దాదాపు ఒకే రకం ఎంట్రీ ఉంటుంది: ఎవరి నుంచి ఎవరికి ఎంత. విటాలిక్ బ్యూటెరిన్ అనే కుర్రవాడు 2013లో, తనకింకా పంతొమ్మిదేళ్లప్పుడు, ఇంకో అడుగు వేశాడు. ఈ పుస్తకంలో షరతులను కూడా ప్రోగ్రాం రూపంలో రాసిపెడితే, ఆ ప్రోగ్రాంను అన్ని కంప్యూటర్లూ తామే నడిపితే ఎలా ఉంటుంది అని. అదే ఇథీరియం. 2015 జులై 30న మొదలైంది. అలా రాసిపెట్టిన ప్రోగ్రాంను స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు. మన లెక్కలో ఒక సేల్ అగ్రిమెంటు అనుకోండి. అడ్వాన్సు ఇంత, ఫలానా తేదీలోగా మిగతాది కట్టకపోతే అడ్వాన్సు అమ్మేవారికి పోతుంది, కడితే మొత్తం ఒకేసారి చేతులు మారుతుంది. కాగితం మీద రాసుకుంటే తేదీ దాటాక పంచాయితీ, లాయరు, కోర్టు. స్మార్ట్ కాంట్రాక్ట్‌లో డబ్బు ముందే ప్రోగ్రాం చేతిలో ఉంటుంది. తేదీ దాటిన తర్వాత ఎవరు కదిపినా, రాసిన షరతు ప్రకారమే అది నడుస్తుంది. మధ్యవర్తిని బతిమాలే పని లేదు, మధ్యవర్తి మొండికేసే అవకాశమూ లేదు.

అందుకే మీ అల్లుడు కంప్యూటర్ అన్నాడు. వేల యంత్రాలు ఒకే ప్రోగ్రాంను నడిపి ఒకే జవాబు తేల్చుకుంటాయి గనక, అన్నీ కలిపి ఒక్క కంప్యూటర్ కింద లెక్క. నిజం చెప్పాలంటే అది చాలా నిదానమైన, చాలా ఖరీదైన కంప్యూటర్. మీ చేతిలోని ఫోన్ దానికంటే ఎన్నో రెట్లు వేగంగా లెక్కలు చేస్తుంది. దాని గొప్పతనం వేగంలో లేదు. ఏ ఒక్క కంపెనీయో, ఏ ఒక్క అధికారో దాన్ని మధ్యలో ఆపలేకపోవడం, ఫలితాన్ని మార్చలేకపోవడం దాని గొప్పతనం. ఆ గుణం అవసరం లేని పనికి దాన్ని వాడటం దండగ. ఇది నా అభిప్రాయమే అయినా, మీ అల్లుడు కూడా కాదనడనుకుంటాను.

ఈ కంప్యూటర్‌ను వాడుకుంటే రుసుము కట్టాలి. దాన్ని గ్యాస్ ఫీజు అంటారు. వంటగ్యాస్‌తో సంబంధం లేదు లెండి. ప్రోగ్రాం ఎంత పని చేయిస్తే అంత గ్యాస్. మామూలుగా ఒకరి నుంచి ఒకరికి పంపడానికి 21,000 యూనిట్ల గ్యాస్ పడుతుంది. యూనిట్ ధర రద్దీని బట్టి మారుతుంది. పని మధ్యలో చెడిపోయినా అప్పటిదాకా వాడిన గ్యాస్‌కు డబ్బు తిరిగి రాదు. ఈ ఫీజు కట్టేది ఈథర్ అనే కాయిన్‌లో. అంటే ఇథీరియం అనేది వేదిక, ఈథర్ దాని మీద చెల్లే కాయిన్. పేపర్లు ఈ రెండింటినీ కలిపేసి రాస్తుంటాయి.

ఇథీరియం 2022 సెప్టెంబరు 15న మైనింగ్‌ను మానేసింది. ఇప్పుడు పేజీ రాసే అర్హత కావాలంటే 32 ఈథర్లు డిపాజిట్ కట్టాలి. దాన్ని స్టేకింగ్ అంటారు. దొంగ రాతలు రాస్తే ఆ డిపాజిట్‌లో కోత పడుతుంది. పన్నెండు సెకన్లకు ఒక పేజీ. కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గిపోయింది. బిట్‌కాయిన్ మాత్రం పాత పద్ధతిలోనే ఉంది, కొన్ని దేశాలు వాడేంత కరెంటు తాగుతూ.

సొలానా, కార్డానో లాంటి వేరే వేదికలూ ఉన్నాయి. ఇథీరియం మీద రద్దీ తగ్గించడానికి మన దేశపు కుర్రాళ్లు 2017లో మ్యాటిక్ పేరుతో మొదలుపెట్టిందే నేటి పాలిగాన్. అసలు కాయినే లేని బ్లాక్‌చెయిన్లూ ఉన్నాయి. బ్యాంకులు, కంపెనీలు తమలో తాము వాడుకునే హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ అలాంటిది. అందులోకి ఎవరు పడితే వారు రాలేరు, అనుమతి ఉండాలి. ఈ పేర్లన్నీ గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు.

గుర్తుపెట్టుకోవాల్సింది వేరే ఉంది. అది మీకు నాకంటే బాగా తెలుసు.

మన దగ్గర రిజిస్ట్రేషన్ దస్తావేజుకే గానీ హక్కుకు హామీ కాదు. అమ్మేవాడికి ఆ స్థలం మీద నిజంగా హక్కుందా లేదా అన్నది రిజిస్ట్రారు తేల్చడు. కాగితాలు సక్రమంగా ఉండి, మనుషులు వచ్చి సంతకాలు పెట్టి, స్టాంపు డ్యూటీ కడితే పుస్తకంలోకి ఎక్కుతుంది. దొంగ వారసుడు వచ్చి అమ్మితే, ఆ దొంగ దస్తావేజు కూడా అంతే అందంగా, అన్ని ముద్రలతో పుస్తకంలో కూర్చుంటుంది. బ్లాక్‌చెయిన్ కూడా సరిగ్గా అంతే. ఎక్కిన తర్వాత దిద్దడానికి వీల్లేకుండా కాపాడుతుంది. ఎక్కేటప్పుడు అది నిజమో అబద్ధమో దానికి తెలియదు. అబద్ధం ఎక్కితే ఆ అబద్ధాన్ని కూడా అంతే భద్రంగా కాపాడుతుంది.

భూముల రికార్డులను బ్లాక్‌చెయిన్‌లో పెడితే గొడవలన్నీ తీరిపోతాయని మాట్లాడేవారిని చూస్తే నాకు అందుకే కొంచెం చిరాకు. అమరావతి భూముల రికార్డుల విషయంలో 2017 ప్రాంతంలో మన ప్రభుత్వమే ఇలాంటి ప్రయోగం చేసింది. తర్వాత ఎవరూ దిద్దకుండా ఆపడానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ మన ఊళ్లలో భూమి తగాదాలు ఎక్కువ భాగం పాత పేజీ దిద్దినందువల్ల వచ్చినవా? సర్వే హద్దులు తప్పడం, అన్నదమ్ముల పంపకం నోటిమాటగా జరగడం, చనిపోయినవారి పేరే పాస్‌బుక్‌లో మిగిలిపోవడం, వీటి వల్ల వచ్చినవే కదా. ఇవి ఏ హ్యాష్‌కూ అందవు. తెలంగాణలో చిట్‌ఫండ్ కంపెనీల లెక్కల కోసం టీ-చిట్స్ అని పెట్టింది నాకు ఇంతకంటే సబబుగా తోస్తుంది. వేలంపాట ఎప్పుడు జరిగింది, ఎవరు ఎంతకు పాడారు అన్నది అక్కడికక్కడే పుట్టే సమాచారం. తర్వాత దాన్ని మార్చకుండా ఉంచితే సగం మోసాలు ఆగుతాయి.

స్మార్ట్ కాంట్రాక్ట్‌కూ ఇదే వర్తిస్తుంది. 2016లో ఇథీరియం మీద ‘ద డావో’ అని ఒక ఉమ్మడి నిధి ప్రోగ్రాం నడిచింది. దాని రాతలో ఒక లొసుగు ఉంది. జూన్‌లో ఎవరో ఆ లొసుగును పట్టుకుని 36 లక్షల ఈథర్లకు పైగా లాగేశారు. ప్రోగ్రాం చెడిపోలేదు, రాసింది రాసినట్టే చేసింది. రాసినవారి ఉద్దేశం వేరు, రాత వేరు. ఆ జులైలో చాలామంది ఒక మాట మీదకొచ్చి ఆ దోపిడీ జరగనట్టే పుస్తకాన్ని ముందుకు నడిపారు. ‘రాసింది మార్చకూడదన్నదే కదా మన నియమం’ అని ఒప్పుకోనివారు పాత పుస్తకాన్నే పట్టుకున్నారు. అది ఇథీరియం క్లాసిక్ పేరుతో ఇప్పటికీ ఉంది. ఎవరూ మార్చలేరు అని పుస్తకాల్లో రాస్తారు గానీ, తగినంత మంది కలిస్తే మార్చగలరన్నది కూడా చరిత్రే.

ఇప్పుడు పార్కు మిత్రుడి దగ్గరికి వద్దాం.

‘మీ అల్లుడు చేసేదీ ఇదేగా’ అన్న మాట ఆయన తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ, చాలా దెబ్బతీసే మాట. మీ ఇంట్లోని నమ్మకాన్ని తీసుకెళ్లి తన అప్లికేషన్‌కు అతికిస్తున్నారు. మీ అల్లుడు ప్రోగ్రాములు రాసి జీతం తీసుకుంటాడు. ఆ ఫోన్‌లో కనిపించే లెక్కకు బ్లాక్‌చెయిన్‌తో సంబంధం ఉందనడానికి ఆధారమే లేదు. అది ఎవరో ఒకరి వెబ్‌సైట్‌లో పెరిగే అంకె. అంకె పెంచడానికి కరెంటు కూడా ఖర్చు కాదు.

ఒకసారి లెక్క వేద్దాం. రోజుకు ఒక శాతం, వచ్చినదాన్ని అందులోనే ఉంచితే, 365 రోజులకు దాదాపు 37.8 రెట్లు అవుతుంది. అంటే మీ ఐదు లక్షలు ఏడాదిలో సుమారు కోటీ 89 లక్షలు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం ఏడాది మొత్తానికి ఇచ్చేది ఎనిమిది శాతం చుట్టుపక్కల. ఎనిమిది రోజుల్లో అంత సంపాదించే మార్గం చేతిలో ఉన్నవాడు బ్యాంకులో అప్పు తెచ్చుకుంటాడు గానీ, రామమూర్తి నగర్ పార్కులో పెన్షనర్లను వెతుక్కుంటాడా?

నిజమైన క్రిప్టో ధరలు రోజూ ఒక శాతం చొప్పున బుద్ధిగా పెరగవు కూడా. బిట్‌కాయిన్ 2021 నవంబరులో 69 వేల డాలర్ల దగ్గరికి వెళ్లింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి 16 వేల కిందికి పడింది. తర్వాత మళ్లీ లేచింది. దానికి అద్దె రాదు, వడ్డీ రాదు, పంట రాదు. ఇంకొకరు ఎక్కువకు కొంటేనే లాభం. అది తెలిసి, పోయినా పర్వాలేదనుకునే డబ్బుతో కొనేవారి సంగతి వేరు. రోజూ ఖాయంగా ఇంత అని ఎవరన్నా చెప్పారంటే అది క్రిప్టో కాదు, పాత గొలుసుకట్టు స్కీమే. గెయిన్‌బిట్‌కాయిన్ అని ఒకటి మన దేశంలోనే నెలకు పది శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని చెప్పి వేలమందిని ముంచింది. నెలకు పది శాతమే అంత ఘోరమైతే రోజుకు ఒకటి ఏమిటో ఆలోచించండి.

కాయిన్ పేరు చూసి కూడా నమ్మకండి. ఇథీరియం మీద ఎవరైనా కొత్త టోకెన్, అంటే తమ సొంత పేరుతో ఒక కాయిన్ లాంటిది తయారు చేయవచ్చు. దానికి ఈఆర్‌సీ-20 అని ఒక సిద్ధం చేసిన పద్ధతే ఉంది. మీ అల్లుడిని అడిగితే సాయంత్రం టీ తాగేలోగా మీ అపార్ట్‌మెంట్ పేరుతో పది కోట్ల టోకెన్లు తయారు చేసి చూపిస్తాడు. అది నిజంగానే బ్లాక్‌చెయిన్‌లో ఉంటుంది, ముద్రలన్నీ ఉంటాయి, విలువ మాత్రం సున్నా. ‘చెయిన్ మీద ఉంది’ అన్నది విలువకు సాక్ష్యం కాదు.

మిత్రుడికి ఇదంతా చెబితే నొచ్చుకుంటారు. ఆయన మోసగాడని నేను అనడం లేదు. చాలావరకు ఆయనే మొదట మోసపోయిన మనిషి అయి ఉంటారు. ఇంకొకరిని చేర్పిస్తే కమీషన్ వస్తుందని చెప్పి ఉంటారు. వాదన పెట్టుకోకుండా ఒక్క పని అడగండి: ‘ఈ లెక్కలో సగం మీ బ్యాంకు ఖాతాలోకి తెప్పించి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం’ అని. రెండు మూడు వేలు అయితే వస్తాయి, అది ఎర. పెద్ద మొత్తం అడగ్గానే ‘ముందు పన్ను కట్టండి, ఆ తర్వాత విడుదల చేస్తాం’ అంటారు. అక్కడితో విషయం తేలిపోతుంది. మన దేశంలో క్రిప్టో అమ్మినప్పుడు టీడీఎస్ (ముందుగానే మినహాయించే పన్ను) వచ్చే డబ్బులోంచి కోసుకుంటారు. మీ జేబులోంచి ముందు కట్టమని ఎవరూ అడగరు.

చట్టం సంగతి కూడా రెండు ముక్కల్లో చెబుతాను, పార్కులో రకరకాలుగా చెబుతుంటారు కాబట్టి. క్రిప్టో కొనడం మన దేశంలో నిషేధం కాదు, అది చెల్లుబాటయ్యే కరెన్సీ కూడా కాదు. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు ఈ వ్యాపారాలకు సేవలు ఇవ్వొద్దని బ్యాంకులకు చెప్పింది. ఆ రోజుల్లోనే, అక్టోబరులో, మన ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని కెంప్ ఫోర్ట్ మాల్‌లో ఒక కంపెనీ బిట్‌కాయిన్ ఏటీఎం లాంటి యంత్రం పెడితే పోలీసులు దాన్ని పట్టుకెళ్లారు. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్‌ను కొట్టేసింది. 2023 మార్చి నుంచి క్రిప్టో ఎక్స్ఛేంజీలు, అంటే కాయిన్లు కొని అమ్ముకునే వేదికలు మనీలాండరింగ్ చట్టం కిందికి వచ్చాయి, కేంద్రం వారి ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదు కావాలి. ఆ నమోదు మీ డబ్బుకు హామీ అని మాత్రం అనుకోకండి. బ్యాంకు మునిగితే ఐదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. ఎక్స్ఛేంజ్‌కు అలాంటిది లేదు. 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ వాలెట్ (కాయిన్లు దాచే డిజిటల్ పెట్టె) నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టోను హ్యాకర్లు కొట్టేశారు. అందులో దాచుకున్నవారు నెలల తరబడి తమ సొమ్ము తీసుకోలేకపోయారు.

పన్ను ఇంకా కఠినం. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, దానిపై నాలుగు శాతం సెస్. మీ మిగతా ఆదాయం ఎంత తక్కువైనా ఈ రేటు తగ్గదు. ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకోదానిలో లక్ష నష్టం వచ్చిందనుకోండి. మీకు మిగిలింది సున్నా, కట్టాల్సిన పన్ను మాత్రం 31,200 రూపాయలు. నష్టాన్ని లాభంతో సరిపెట్టుకోవడానికి వీల్లేదు, వచ్చే ఏడాదికి తీసుకెళ్లడానికీ వీల్లేదు. అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ వేరే.

ఎక్స్ఛేంజ్‌లో కాకుండా సొంత వాలెట్‌లో దాచుకుంటే దొంగల భయం కొంత తగ్గుతుంది, కానీ ఇంకో చిక్కు వస్తుంది. వాలెట్‌కు తాళం పన్నెండో, ఇరవై నాలుగో ఇంగ్లీషు మాటల వరస. అది పోతే డబ్బు పోయినట్టే. మళ్లీ ఇప్పించే ఆఫీసు లేదు, పెట్టుకోవడానికి అర్జీ లేదు. ఆ మాటలు ఎవరికైనా చెబితే వారు మీరైపోతారు. నామినీ ఫారం ఉండదు కాబట్టి, మీ తర్వాత ఇంట్లోవారికి ఆ మాటలు తెలియకపోతే వాళ్లు ఆ కాయిన్లను తెర మీద చూస్తూ ఉండాల్సిందే. మన వయసులో సంపాదన పిల్లలకు చేరడం ముఖ్యం. అందుకే రిటైర్మెంట్ డబ్బుకు ఇది తగిన చోటు కాదంటాను, నిజమైన బిట్‌కాయిన్ అయినా సరే.

ఫోన్‌లో రూపాయల గురించి కూడా మీకు గందరగోళం రావచ్చు, ఒక మాట చెప్పేస్తాను. రిజర్వ్ బ్యాంకు 2022 డిసెంబరు 1న ఈ-రూపీని ప్రయోగంగా మొదలుపెట్టినప్పుడు మొదటి నాలుగు నగరాల్లో బెంగళూరు ఒకటి. అది క్రిప్టో కాదు. రిజర్వ్ బ్యాంకు ఇచ్చే మామూలు రూపాయే, రూపం వేరు. ధర పెరగదు, తగ్గదు.

నేర్చుకోవాలన్న మీ కోరికకు మాత్రం పైసా ఖర్చు లేదు. ఆదివారం అల్లుడిని కూర్చోబెట్టుకుని ఈథర్‌స్కాన్ అనే వెబ్‌సైట్ తెరవమనండి. ఇథీరియంలో జరిగే ప్రతి లావాదేవీ అందులో అందరికీ కనిపిస్తుంది. ఒక అడ్రసు తీసుకుని అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు పోయింది అని వెనక్కి వెళ్లండి. ముప్పై ఏళ్ల ఈసీ తీయగలిగినవారికి అది పెద్ద పనేం కాదు. మనుషుల పేర్లు మాత్రం ఉండవు, అంకెలు, అక్షరాల అడ్రసులే ఉంటాయి. తర్వాత సెపోలియా లాంటి ఒక టెస్ట్ నెట్‌వర్క్‌లో వాలెట్ పెట్టించుకోండి. అక్కడి ఈథర్‌కు మార్కెట్ ధర ఉండదు, నేర్చుకోవడం కోసం ఉచితంగా ఇస్తారు. అల్లుడు అటు నుంచి పంపితే మీరు ఇటు నుంచి తిరిగి పంపండి. గ్యాస్ ఎంత కోశారో చూడండి. తప్పుడు అడ్రసుకు పంపితే ఏమవుతుందో కూడా అక్కడే చూడవచ్చు: ఏమీ కాదు, తిరిగి రాదు.

మొహమాటం పడుతున్నారు కదా, ఒక ప్రశ్న అడిగి చూడండి: ‘మీ ప్రోగ్రాంలోకి బయటి నుంచి తప్పుడు సమాచారం వస్తే దాన్ని ఎవరు పట్టుకుంటారు?’ ఈ రంగంలో పనిచేసేవారు నిత్యం తలపట్టుకునే సమస్య అది. దానికి ఒరాకిల్ సమస్య అని పేరు కూడా ఉంది. మామగారి నోట ఆ ప్రశ్న వింటే అతను రెండు గంటలు మాట్లాడకుండా ఆగడు. మీకు డబుల్ రిజిస్ట్రేషన్ల కథలు చెప్పే వీలు కూడా దొరుకుతుంది. ఆ కథలు అతని పనికి నిజంగానే అవసరం.

పార్కులో ఇంకెవరైనా ఇప్పటికే ఆ అప్లికేషన్‌లో డబ్బు వేసి ఉంటే, పరువు పోతుందని దాచుకోవద్దని చెప్పండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి, లేదా కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. డబ్బు పంపిన బ్యాంకు లావాదేవీ నంబరు, అవతలి ఖాతా వివరాలు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు చెరిపేయకుండా ఉంచుకోవాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు చేతులు మారక ముందే ఆ ఖాతాను స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ. ‘పోయిన క్రిప్టో తిరిగి ఇప్పిస్తాం’ అంటూ ఆ తర్వాత ఫోన్లు వస్తాయి. అవి కూడా ఎత్తొద్దనండి. సాధారణంగా అదే ముఠా రెండో విడత.